శ్రామిక స్త్రీ – సంఘశక్తి

తెలుగు ప్రబంధాలలో పురవర్ణన ఒక ముఖ్యాంశం. కోటలు, మేడలు, ఉద్యానాలు, గజాశ్వాలు వర్ణించిన పిమ్మట కవి దృష్టి పూలంగడి వైపు మళ్ళుతుంది. అక్కడ పుష్పలావికలు ఉంటారు. పూలమ్మే ఆ స్త్రీల సౌందర్యాన్ని, కొనుగోలుదారులతో వారు సాగించే చమత్కార సంభాషణలను ప్రబంధ కవులు పోటీపడి వర్ణించారు. అయితే తెల్లవారకముందే తోటకు వెళ్ళి పూలు కోసినదెవరు, దండకు ఎంత వెల గిట్టింది, వాడిపోయి మిగిలిన పూల నష్టాన్ని ఎవరు భరించారు అన్న ప్రశ్నలకు ఆ పద్యాలలో చోటు లేదు. స్త్రీ సౌందర్యం కవి కంట పడింది. ఆమె శ్రమ పడలేదు.

ఇది కవుల లోపం మాత్రమే కాదు. నాటి సమాజ దృష్టే అటువంటిది. నేటి సమాజ దృష్టి కూడా అంతకంటే మిక్కిలి మారిందని చెప్పలేము. దంపుళ్ళ పాటలలో, తిరుగలి పాటలలో, నాట్ల పాటలలో స్త్రీలు తమ కష్టాన్ని తామే పాడుకున్నారు. కాని పాటలోని కష్టం పద్దు పుస్తకంలోకి ఎక్కలేదు. ఇంటి అరుగు మీద కూర్చుండి బీడీలు చుట్టే స్త్రీని, కుట్టుమిషను మీద బట్టలు కుట్టే స్త్రీని, అప్పడాలు ఒత్తే స్త్రీని "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగితే, "ఏమీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అన్న సమాధానమే తరచుగా వస్తుంది. పొద్దస్తమానం పనిచేసే మనిషి తాను పనిచేయడం లేదని నమ్మడం కంటే పెద్ద విషాదం లేదు. తన్ను తాను కార్మికురాలిగా గుర్తించని స్త్రీ కూలి పెంచమని అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదని లోకోక్తి. యజమాని పెడతాడని ఆశించడం అమాయకత్వమే అవుతుంది.

ఈ గుర్తింపును కలిగించడమే శ్రామిక స్త్రీ సాధికారతకు తొలి మెట్టు. ఆ పనికి పూనుకోవలసినవి కార్మిక సంఘాలు. సంఘాలలో మహిళా విభాగాల ఆవశ్యకత ఇక్కడే ఏర్పడుతుంది. అయితే మహిళా విభాగాలన్నీ ఒక తీరుగా ఉండవు. ఊరేగింపులో ముందు వరుసకు, సభలో స్వాగత గీతానికి, మార్చి 8న జరిపే ఉత్సవానికి పరిమితమైన విభాగం ఒక తీరు. స్త్రీల సమస్యను స్త్రీల నోటనే పలికించి, నిర్ణయాధికారాన్ని వారి చేతికే అప్పగించే విభాగం మరొక తీరు. మొదటిది సంఘానికి అలంకారం. రెండవది సంఘానికి ప్రాణం. ఈ భేదాన్ని గ్రహించడానికి గుజరాతు రాష్ట్రంలోని అహ్మదాబాదు నగర చరిత్ర గొప్ప ఉదాహరణగా నిలుస్తుంది.

అహ్మదాబాదు ఒకనాడు నూలు మిల్లులకు ప్రసిద్ధి. 1918లో ఆ మిల్లు కార్మికులు వేతనాలను 35 శాతం పెంచాలని సమ్మె చేశారు. గాంధీజీ వారి పక్షాన నిలిచి నిరాహారదీక్ష పూనారు. కార్మికులకు నాయకత్వం వహించినవారిలో అనసూయా సారాభాయి ముఖ్యురాలు. మిల్లు యజమానుల ప్రతినిధిగా ఎదుటిపక్షంలో నిలిచినవాడు ఆమె సొంత సోదరుడు అంబాలాల్ సారాభాయి. తోడబుట్టినవాని సంపదకంటె కూలివాని ఆకలినే పెద్దగా ఎంచిన ఆ సాధ్వి 1920లో మజూర్ మహాజన్ సంఘ్ స్థాపనకు కారకురాలయింది. దేశంలోని పటిష్ఠమైన కార్మిక సంఘాలలో ఒకటిగా అది పేరు గడించింది.

ఒక స్త్రీ చేతిమీదుగా పుట్టినప్పటికీ ఆ సంఘం కాలక్రమంలో ప్రధానంగా పురుషుల సంఘంగానే మిగిలింది. మిల్లులలో స్త్రీ కార్మికుల సంఖ్య క్షీణిస్తూ వచ్చింది. 1954లో సంఘం మహిళా విభాగాన్ని నెలకొల్పింది. మిల్లు కార్మికుల ఇళ్ళలోని ఆడవారికి కుట్టుపని, అల్లికలు, నూలు వడకడం, టైపు వంటివి నేర్పడం దాని పని. ఉద్దేశం మంచిదే. కాని ఆ విభాగం దృష్టిలో స్త్రీ కార్మికురాలు కాదు, కార్మికుని భార్య. ఆమెకు సంఘం ఇచ్చినది సహాయం. సభ్యత్వం కాదు.

1968లో ఇలాబెన్ భట్ అనే యువ న్యాయవాది ఈ విభాగానికి అధిపతి అయ్యారు. ఆ కాలంలోనే నగరంలో కొన్ని మిల్లులు మూతపడ్డాయి. పని పోయిన మగవారి ఇళ్ళకు వెళ్ళి చూసిన ఆమెకు ఒక సత్యం గోచరించింది. మిల్లు మూతపడినా ఆ ఇళ్ళలో పొయ్యి వెలుగుతూనే ఉంది. కూరగాయలు అమ్మి, బరువులు మోసి, బట్టలు కుట్టి ఇంటిని నిలబెడుతున్నది స్త్రీలే. 1970లో దర్జీపని చేసే స్త్రీలు గుత్తేదారుల దోపిడిని గురించి ఫిర్యాదు చేయగా మహిళా విభాగం విచారణ జరిపింది. ఏ చట్టమూ, ఏ సంఘమూ పట్టించుకోని స్త్రీ కార్మికులు వేల సంఖ్యలో ఉన్నారని ఆ విచారణ వెల్లడించింది.

మరుసటి సంవత్సరం బట్టల బజారులో మూటలు మోసే స్త్రీలు కొందరు మహిళా విభాగం గడప తొక్కారు. వారు పల్లెల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు. వీధిలోనే నివాసం. మోసిన మూటలకు లెక్క ఉండదు, ఇచ్చే కూలికి నియమం ఉండదు. ఇలాబెన్ వారి దుఃస్థితిని స్థానిక పత్రికలో వ్యాసంగా ప్రకటించారు. వ్యాపారులు ఊరుకోలేదు. తాము న్యాయమైన కూలినే చెల్లిస్తున్నామని, అంత ఇస్తున్నాం, ఇంత ఇస్తున్నాం అని అదే పత్రికాముఖంగా సమాధానమిచ్చారు. అప్పుడు మహిళా విభాగం చేసిన పని చమత్కారమైనది. వ్యాపారులు చెప్పిన మాటలనే చీటీలపై అచ్చువేయించి కూలీల చేతికిచ్చింది. "మీరే ఇస్తున్నామని చెప్పిన కూలి ఇది. ఇవ్వండి" అని అడగడానికి ఇక నిరక్షరాస్యురాలికి కూడా ఆధారం దొరికింది. కాగితానికి గల బలం ఎటువంటిదో ఆ స్త్రీలకు అప్పుడే తెలిసింది.

ఈ వార్త విని, పాతబట్టలు కొని అమ్మే స్త్రీలు కూడా తమ గోడు చెప్పుకోవడానికి వచ్చారు. బహిరంగ ఉద్యానవనంలో సభ జరిగింది. వందమందికి పైగా కూడారు. ఆ సభలోనే ఒక సామాన్య స్త్రీ లేచి, తమకంటూ ఒక సంఘం ఉండాలని సూచించింది. ఆ ఆలోచన వేదిక మీది నుండి కాక, నేలమీద కూర్చున్నవారి నుండి పుట్టిందన్న విషయం గమనింపదగినది. 1971 డిసెంబరులో 'సేవ' అనే పేరుతో స్వయం ఉపాధి మహిళల సంఘం ఏర్పడింది. మజూర్ మహాజన్ అధ్యక్షుడే దానికి తొలి అధ్యక్షుడు. ఇలాబెన్ ప్రధాన కార్యదర్శి.

సంఘాన్ని నమోదు చేయించడానికి వెళ్ళగా కార్మిక శాఖ ఒక ఆక్షేపణ లేవనెత్తింది. ఈ స్త్రీలకు యజమాని ఎవరు? యజమాని లేనప్పుడు ఎవరితో పోరాడతారు? పోరాడడానికి ఎవరూ లేనప్పుడు కార్మిక సంఘం ఎందుకు? తర్కశాస్త్రంలో ఇది గట్టి పూర్వపక్షమే. కాని దానికి స్త్రీలిచ్చిన సిద్ధాంతం అంతకంటె గట్టిది. సంఘం ఒకరికి వ్యతిరేకంగా పుట్టవలసిన పని లేదు, పనిచేసేవారు ఒకరికొకరు తోడుగా నిలవడానికి పుట్టవచ్చు అని వారు వాదించారు. 1972 ఏప్రిల్‌లో నమోదు జరిగింది. కార్మిక సంఘమనే పదానికి ఆనాడు అర్థవిస్తృతి కలిగింది.

ఇలాబెన్ పేర్ల విషయంలో చూపిన పట్టుదల కూడా ప్రశంసనీయం. ప్రభుత్వ పరిభాషలో ఈ స్త్రీలు 'అసంఘటిత రంగం'వారు. లేనిదాన్ని బట్టి మనిషిని పిలవడం ఆమెకు నచ్చలేదు. కనుకనే 'స్వయం ఉపాధి' అనే మాటను ఎన్నుకున్నారు. పేరు మారితే కూలి పెరుగుతుందా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. తక్షణమే పెరగకపోవచ్చు. కాని పేరు లేని శ్రమకు వెల కట్టేవారు ఎన్నడూ ఉండరు. 1987లో కేంద్ర ప్రభుత్వం నియమించిన జాతీయ సంఘానికి ఆమె అధ్యక్షత వహించారు. 1988లో వెలువడిన ఆ నివేదికకు పెట్టిన పేరు 'శ్రమశక్తి'. దేశంలోని స్త్రీ కార్మికులలో నూటికి తొంభైమందికి పైగా చట్టరక్షణ లేని ఇటువంటి పనులలోనే ఉన్నారని అది చాటింది.

సంఘటితమైన స్త్రీలకు తరువాత ఎదురైన సమస్య అప్పు. ఉదయం వడ్డీవ్యాపారి వద్ద తెచ్చిన పైకంతో కూరగాయలు కొని, సాయంత్రానికి వడ్డీతో సహా చెల్లించే స్త్రీకి మిగిలేది అలసట మాత్రమే. 1969లో బ్యాంకులు జాతీయమైనా, చంకన బిడ్డతో, మాసిన చీరతో వచ్చిన స్త్రీకి అక్కడ ఆదరణ లభించలేదు. అప్పుడు సభ్యురాండ్రు తమకొక బ్యాంకు కావాలన్నారు. తాము బీదవారమే కావచ్చు, కాని ఎంతోమందిమి ఉన్నాము కదా అన్నది వారి ధైర్యం. నాలుగు వేలమంది తలా పది రూపాయల వాటాధనం పోగుచేసి 1974లో సహకార బ్యాంకును స్థాపించారు. పత్రాలపై సంతకాలు చేయవలసిన స్త్రీలు అక్షరం రానివారు. వారు రాత్రంతా మేలుకొని తమ పేరు రాయడం నేర్చుకున్నారు. ఖాతాదారులలో అధికులు నిరక్షరాస్యులు కనుక పాసుపుస్తకంపై ఫొటో అతికించే పద్ధతిని బ్యాంకు అనుసరించింది. తన పేరున దాచుకున్న సొమ్మును తన అనుమతి లేనిదే భర్త అయినా తీయలేడన్న భరోసా ఒక స్త్రీకి ఇచ్చే స్థైర్యం ఎటువంటిదో వేరుగా వివరించనక్కరలేదు.

ఈ కథలో తెలుగు స్త్రీలకు కూడా భాగమున్నది. తెలంగాణ పల్లెల నుండి పద్మశాలి కుటుంబాలు అహ్మదాబాదు, షోలాపూరు, భివండి నగరాలకు నేతపని కోసం వలస వెళ్ళాయి. మగవారు మిల్లులలో, మరమగ్గాలపై పనిచేయగా, స్త్రీలు ఇంట బీడీలు చుట్టారు. అహ్మదాబాదులో ఆ బీడీ కార్మికులను కూడా 'సేవ' సంఘటితపరచింది. గుర్తింపు కార్డు కోసం, భవిష్యనిధి కోసం వారు పోరాడారు. గుర్తింపు కార్డు చూడడానికి చిన్న అట్టముక్క. కాని "ఈమె కార్మికురాలు" అని దానిపై రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం కోసం ఏళ్ళ తరబడి పోరాడవలసివచ్చింది.

మాణెక్ చౌక్‌లో తరతరాలుగా కూరగాయలు అమ్ముకొనే స్త్రీలను అధికారులు ఆక్రమణదారులన్నారు. 1980లలో ఆ స్త్రీల పక్షాన 'సేవ' సుప్రీంకోర్టు మెట్లెక్కింది. వీధివ్యాపారం కూడా రాజ్యాంగం రక్షించే వృత్తులలోనిదని 1989లో వేరొక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు గుర్తించింది. వీధివ్యాపారుల జీవనోపాధి రక్షణకు పార్లమెంటు చట్టం చేయడానికి 2014 వరకు పట్టింది. ఇంటివద్ద ఉండి పనిచేసేవారిని గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఆమోదించిన ఒడంబడిక వెనుక కూడా ఈ స్త్రీల కృషి ఉన్నది.

ఇంతవరకు చెప్పినది విజయగాథ. మాతృసంస్థకు, మహిళా విభాగం నుండి ఎదిగిన ఈ సంఘానికి మధ్య ఏర్పడిన సంబంధాన్ని పరిశీలించనిదే గాథ పూర్తికాదు. 1981లో వైద్య కళాశాలల సీట్లలో రిజర్వేషన్లకు వ్యతిరేకంగా గుజరాతులో ఆందోళన చెలరేగింది. దళితులపై దాడులు జరిగాయి. 'సేవ' సభ్యులలో దళిత స్త్రీలు గణనీయంగా ఉన్నారు. ఇలాబెన్ దళితుల పక్షాన గొంతెత్తారు. మాతృసంస్థ మౌనం వహించింది. తాను మౌనంగా ఉన్నచోట తన మహిళా విభాగం మాట్లాడడాన్ని అది సహించలేకపోయింది. 'సేవ'ను సంఘం నుండి వెలివేశారు.

ఈ ఘట్టం కార్మికోద్యమం మొత్తానికి ఒక ప్రశ్న వేస్తుంది. స్త్రీలు బలపడాలని కోరే సంఘం, బలపడిన స్త్రీలు తమ మాట తాము చెప్పినప్పుడు వినడానికి సిద్ధంగా ఉన్నదా? వినయంగా ఉన్నంతవరకు ప్రోత్సహించి, విభేదించగానే గెంటివేసే సంస్థ ఇచ్చినది సాధికారత కాదు, అనుమతి. అనుమతి ఇచ్చినవాడు దానిని ఉపసంహరించుకోనూవచ్చు. వెలివేతకు గురైన 'సేవ' కుంగిపోలేదు. సొంత బ్యాంకు, సొంత సభ్యత్వం, సొంత నాయకత్వం దానికి ఉన్నాయి. తరువాతి దశాబ్దాలలో మిల్లులు వరుసగా మూతపడి మజూర్ మహాజన్ సభ్యత్వం కరిగిపోగా, 'సేవ' సభ్యత్వం ఇరవై లక్షలు దాటింది. కొమ్మ అనుకొని నరికినది వేరూనుకొని వృక్షమైంది. అయినా రెండూ కలిసి ఉండి ఉంటే కార్మికలోకానికి మరింత మేలు జరిగి ఉండేదన్నది కాదనలేని మాట.

కార్మికులందరూ ఒక్కటే అయినప్పుడు స్త్రీలకు వేరే విభాగమెందుకు, అది ఐక్యతను చీల్చదా అని కొందరు వాదిస్తారు. ఐక్యత గొప్ప విలువ. ఆ వాదాన్ని తేలికగా తీసివేయడం తగదు. కాని స్త్రీలు వేరని మొదట తేల్చినది సంఘం కాదు, కూలి రేటు. ఒకే చేలో మగకూలీకి ఒక రేటు, ఆడకూలీకి ఒక రేటు. సమాన పనికి సమాన వేతనమని 1976లో చట్టం వచ్చినా, ఆ సూత్రం 2019 నాటి వేతన స్మృతిలో చేరినా, పొలం గట్టున ఆ తేడా చెరిగిపోలేదు. పనిచేసేచోట మరుగుదొడ్డి లేకపోవడం, పసిబిడ్డను ఉంచడానికి నీడ లేకపోవడం, మేస్త్రీ వెకిలి మాట – ఇవి నిండుసభలో స్త్రీ చెప్పుకోలేని సమస్యలు. చెప్పుకోవడానికి ఒక గది ఉండాలి. ఆ గదిలో తేలిన విషయం మహాసభకు రావాలి, అక్కడ తీర్మానం కావాలి. మహాసభకు దారిలేని గది మాత్రం వంటింటికి మరొక పేరు.

ఈ ఆవశ్యకతను ఇతర కార్మిక సంఘాలు కూడా గుర్తించాయి. 1979లో సి.ఐ.టి.యు. శ్రామిక మహిళల సమన్వయ సంఘాన్ని ఏర్పాటు చేసింది. విమలా రణదివె వంటి నాయకురాళ్ళు దానిని నడిపించారు. తెలుగునాట ఆ స్ఫూర్తి అంగన్‌వాడీ కార్యకర్తల ఉద్యమంలో ప్రస్ఫుటమైంది. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన వారి సమ్మె 42 రోజులు సాగింది. వారికి లభించేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. పేరులో గౌరవం ఉన్నది. కాని కార్మికురాలికి రావలసిన హక్కులను ఆ పేరే దూరం చేస్తున్నది. అహ్మదాబాదులో 1972లో తలెత్తిన ప్రశ్న – ఈ స్త్రీ కార్మికురాలా, కాదా? – అర్ధశతాబ్ది గడచిన పిదప తెలుగునేలపై మరొక రూపంలో వినిపించింది.

నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీల జీవితం కూడా ఇటువంటిదే. తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టి వెయ్యి బీడీలు లెక్కపెట్టి ఇస్తేగాని కూలి రాదు. బాగా లేవని పక్కన పెట్టినవాటికి కూలి ఉండదు. బాగున్నవేవో, కానివేవో తేల్చేది చుట్టినవారు కాదు. పొగాకు ధూళి వల్ల వచ్చే దగ్గు మాత్రం చుట్టినవారిదే. సంఘం వెంట ఉన్నచోట ఆ స్త్రీ లెక్క అడుగుతుంది. లేనిచోట తలవంచుకొని ఇంటికి వెళుతుంది.

2025 నవంబరు 21 నుండి దేశంలో నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. సామాజిక భద్రతా స్మృతిలో అసంఘటిత కార్మికుల ప్రస్తావన ఉన్నది. కాని చట్టం దానంతట అది నడిచి ఇంటికి రాదు. నమోదు పత్రం నింపడానికి, నిరాకరిస్తే మళ్ళీ అడగడానికి, అధికారి ఎదుట నిలబడి మాట్లాడడానికి ఒంటరి స్త్రీకి తోడు కావాలి. ఆ తోడే సంఘం.

మహిళా విభాగం నిజమైనదో కాదో తేల్చుకోవడానికి మూడు విషయాలు చూస్తే చాలు. ఒకటి, నిర్ణయం ఎవరిది? 'సేవ'లో వృత్తుల వారీగా సభ్యురాండ్రు తమ ప్రతినిధులను ఎన్నుకుంటారు. పనిచేసే స్త్రీలే పాలకులు. రెండు, ధనం ఎవరిది? సభ్యులు చెల్లించే చందా ఎంత స్వల్పమైనా, దానితో నడిచే విభాగానికి అడిగే హక్కు ఉంటుంది. దయతో నడిచేదానికి ఉండదు. మూడు, నాయకత్వం ఎవరిది? పదేళ్ళ తరువాత కూడా చదువుకున్నవారే మాట్లాడుతూ, కూలీలు వింటూ ఉంటే ఆ విభాగం ఎదగలేదనే అర్థం. 'సేవ' తన పనిని తానే కొలుచుకోవడానికి పదకొండు ప్రశ్నలు పెట్టుకున్నది. సభ్యురాలికి ఉపాధి పెరిగిందా, ఆదాయం పెరిగిందా, తిండి, ఆరోగ్యం మెరుగుపడ్డాయా అని అవి మొదలవుతాయి. ఆమెలో నాయకత్వం పెరిగిందా, ఒంటరిగానూ సంఘంగానూ స్వావలంబన సాధించిందా అన్న ప్రశ్నల వరకు సాగుతాయి. సభలెన్ని జరిగాయి, దండలెన్ని పడ్డాయి అన్న ప్రశ్న వాటిలో లేదు.

'సేవ' సర్వసమస్యలనూ పరిష్కరించిందని భావించడం అతిశయోక్తి. లక్షలాది సభ్యురాండ్ర ఆదాయాలు నేటికీ అల్పమే. వాననాడు వీధివ్యాపారం సాగదు, ఎండనాడు మూట తేలిక కాదు. 2022 నవంబరు 2న ఇలాబెన్ కన్నుమూసే నాటికి ఆమె కోరినదంతా నెరవేరలేదు. అయినా ఒక మార్పు మాత్రం వచ్చింది. "ఇంట్లోనే ఉంటాను" అన్న స్త్రీ "నేను బీడీ కార్మికురాలిని, నాకు సంఘం ఉన్నది" అని చెప్పగలిగింది. బరువు తగ్గకపోయినా మోసేవారు ఒకరికొకరు తోడైనప్పుడు నడక మారుతుంది.

పుష్పలావికలు ఈనాటికీ ఉన్నారు. గుడి ముందు, బస్టాండు దగ్గర, సందు మొదట్లో బుట్ట ముందు పెట్టుకొని కూర్చుంటారు. మూర దండకు రూపాయి తగ్గించమని బేరమాడేవారు వారి మాటల చమత్కారాన్ని ఈనాటికీ ఆనందిస్తారు. ఆ బుట్ట వెనుక ఉన్న తెల్లవారుజామును, రోజువారీ వడ్డీని, మిగిలిన పూల నష్టాన్ని కూడా చూడగలిగిననాడు సమాజం కావ్యదృష్టితో పాటు న్యాయదృష్టిని కూడా సంపాదించుకున్నట్లు. అంతవరకు ఆ స్త్రీ తనకు తానే మాట్లాడుకోవాలి. ఆ మాట పదిమందికి వినబడాలంటే ఆమె పక్కన మరి పదిమంది స్త్రీలు నిలబడాలి.